పెట్టె విప్పే ముందు: డెల్టా మిల్లుల్లో, ఆక్వా ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకోవడం

మిల్లులో కంప్యూటర్ ఆగిందంటే బయట లారీలు ఆగుతాయి. కాటా చీటీ రాదు, బిల్లు రాదు, ఈ-వే బిల్లు లేకుండా సరుకు గేటు దాటదు. మండపేట, తాడేపల్లిగూడెం వైపు రైస్ మిల్లులైనా, భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల ప్లాంట్లయినా, అంబాజీపేట కొబ్బరి కొట్లయినా ఇప్పుడు అదే వరస. ఇలాంటి చోట పది కంప్యూటర్లు, రెండు మూడు ప్రింటర్లు, ఒక లారీ కాటా, కొన్ని కెమెరాలు చూసుకునే పనిలోకి వచ్చే కుర్రాళ్ల కోసం, అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. మన డెల్టాలో కంప్యూటర్ చెడిపోయిన కారణం చాలాసార్లు ఆ పెట్టె బయటే దొరుకుతుంది. కరెంటు, ఎర్తు, ఉప్పుగాలి, తవుడు దుమ్ము, పిడుగు, ఎలుక, బల్లి. కాలిపోయిన ఎస్ఎంపీఎస్ (పెట్టె లోపల అన్ని భాగాలకీ కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా) తీసి కొత్తది పెట్టి ఇంటికెళ్లిపోతే మూణ్ణెల్లకి కొత్తదీ కాలుతుంది. కాబట్టి పని నేర్చుకునే వరస బయటనుంచి లోపలికి ఉండాలి. మొదట కొనాల్సింది మల్టీమీటర్. స్క్రూడ్రైవర్ల సెట్టు తర్వాతైనా ఫరవాలేదు.

సాకెట్ దగ్గర మొదలుపెట్టండి

మల్టీమీటర్ 600 వోల్టుల క్యాట్ 3 రేటింగ్ (మెయిన్ లైన్ల మీద వాడటానికి తగిన భద్రతా తరగతి) ఉన్నది తీసుకోండి. నాబు ఏసీ వోల్టుల్లో 600 మీదో 750 మీదో పెట్టి, కంప్యూటర్ తగిలించే సాకెట్లోనే మూడు కొలతలు తీయండి. సాకెట్‌కి ఎదురుగా నిలబడి చూస్తే పైన పెద్ద రంధ్రం ఎర్తు, కుడిపక్కది ఫేజు, ఎడమపక్కది న్యూట్రల్. ఫేజు నుంచి న్యూట్రల్‌కి 230కి అటూ ఇటూ రావాలి. ఫేజు నుంచి ఎర్తుకి కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్ నుంచి ఎర్తుకి రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. ఈ మూడు కొలతలూ మిల్లు ఆడుతున్నప్పుడు ఒకసారి, ఆగినప్పుడు ఒకసారి తీసి రాసుకోండి. ఆడుతున్నప్పుడు న్యూట్రల్-ఎర్తు కొలత పది దాటిందంటే న్యూట్రల్ వైరు సన్నగా ఉందనో, ఎక్కడో జాయింటు వదులైందనో అర్థం. ఫేజు-ఎర్తు కొలత నూటపాతిక దగ్గర ఊగులాడుతుంటే సాకెట్లో ఎర్తు పిన్ను ఉందే గానీ వెనక వైరు లేదు.

ఇంకొకటి ఉంది, అది ప్రమాదం. లోడు మీద కూడా న్యూట్రల్-ఎర్తు నిఖార్సుగా సున్నా చూపిస్తే, ఎవరో సాకెట్ వెనక న్యూట్రల్‌నీ ఎర్తునీ ముక్క వైరుతో కలిపేసి ఉండొచ్చు. ఎర్తు లేదని ఎవరైనా అడిగినప్పుడు చేసే అడ్డదారి ఇది. న్యూట్రల్ ఊడిన రోజున కంప్యూటర్ క్యాబినెట్టుకి మొత్తం కరెంటు వచ్చేస్తుంది. అనుమానం వస్తే మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చేత సాకెట్ విప్పించి చూడండి.

"క్యాబినెట్ వెనక చెయ్యి తగిలితే జివ్వుమంటోంది" అని గుమస్తాలు చెబుతుంటారు. చాలామంది దాన్ని తీసిపారేస్తారు. దాని వెనక సంగతి తెలిస్తే తీసిపారేయరు. ఎస్ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులో ఒక చిన్న కెపాసిటర్ ఫేజు నుంచి బాడీకి, అలాంటిదే ఇంకొకటి న్యూట్రల్ నుంచి బాడీకి ఉంటాయి. ఎర్తు ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ రెండింటికీ మధ్యలో, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జివ్వుమనడంతో సరిపోతుంది. కానీ అదే క్యాబినెట్టుకి, ఎర్తు ఉన్న ప్రింటర్ నుంచో కాటా నుంచో కేబుల్ తగిలించే క్షణంలో ఆ తేడా అంతా పోర్టు గుండా దిగుతుంది. యూఎస్‌బీ పోర్టులు, కాటా సీరియల్ పోర్టులు "ఊరికే పోయాయి" అనే కేసుల్లో ఇది పెద్ద వాటా.

ఎర్తు గొయ్యి విషయంలో మనకి ఒక మేలు, ఒక కీడు ఉన్నాయి. నేలలో తేమ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఎర్తు బాగా కుదురుతుంది. నర్సాపురం, అంతర్వేది, రాజోలు వైపు ఉప్పు నేలల్లో మాత్రం జీఐ (జింకు పూత ఇనుప) పైపు, పైన నట్టు బోల్టులు త్వరగా తినేసుకుపోతాయి. పైకి గొయ్యి గొయ్యిలాగే కనిపిస్తుంది, లోపల వైరు పైపుని పట్టుకుని ఉండదు. ఏటా వానాకాలానికి ముందు మూత తీయించి, బోల్టు విప్పించి, తుప్పు గీకించి, బిగించి గ్రీజు రాయించండి. కొలిపిస్తే 5 ఓమ్‌ల లోపు రావాలని పట్టుబట్టండి. కొత్తగా వేయిస్తుంటే రాగి పూత రాడ్డు వేయించండి, ఉప్పు నేలలో అది జీఐ పైపు కంటే ఎక్కువకాలం నిలుస్తుంది.

మిల్లులకి త్రీఫేజు సర్వీసు ఉంటుంది. అక్కడ న్యూట్రల్ వదులైతే ఆఫీసులోకి వచ్చే సింగిల్ ఫేజు వోల్టేజి 230 నుంచి 300 దాటి, ఒక్కోసారి 400 దాకా ఎగబాకుతుంది. ట్యూబులైట్లు కొన్ని బాగా వెలిగి కొన్ని మిణుకుమన్నాయంటే అదే గుర్తు, వెంటనే మెయిన్ దించేయండి. ఎస్ఎంపీఎస్‌లు దాదాపు 264 వోల్టుల దాకా తట్టుకునేలా చేస్తారు, ఆపైన వాటి చేతుల్లో లేదు. ఆఫీసు లైనుకి వోల్టేజి రిలే ఒకటి పెట్టించండి. 180కి కింద, 260కి పైన లైను కోసేసేలా, మళ్లీ కలపడానికి మూడు నిమిషాలు ఆగేలా సెట్ చేయండి. అదొక్కటి ఉంటే ఒక్క రాత్రిలో ఆఫీసులోని అన్ని పెట్టెలూ పోవడమనే మాట ఉండదు.

యూపీఎస్ లెక్కలు

ఒక డెస్క్‌టాప్, ఒక మానిటర్ కలిపి మామూలు ఆఫీసు పనిలో వంద నుంచి నూటయాభై వాట్లు తీసుకుంటాయి. బజారులో దొరికే 600 వీఏ యూపీఎస్ నిజానికి ఇచ్చేది 360 వాట్లు. అందులో ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, అంటే కాగితం మీద 84 వాట్-అవర్లు. 120 వాట్ల లోడుకి నలభై నిమిషాలు రావాలి కదా అనిపిస్తుంది. రాదు. బ్యాటరీ మీద వేగంగా లాగినకొద్దీ అది ఇచ్చేది తగ్గుతుంది, ఇన్వర్టర్ సర్క్యూట్ కొంత మింగుతుంది. కొత్తదైతే పది, పదిహేను నిమిషాలనుకోండి. ఫైలు సేవ్ చేసి ఆపడానికి అది చాలు. యజమానికి ముందే ఆ మాట చెప్పి ఉంచండి, లేకపోతే కరెంటు పోయాక అరగంట పని నడవాలని ఆశిస్తారు.

యూపీఎస్ కొన్న రోజునే లోడుతో సహా వెనక ప్లగ్గు తీసి, ఎన్ని నిమిషాలు నిలిచిందో గడియారం పెట్టి చూసి, స్టిక్కరు మీద రాసి అంటించండి. మూడు నెలలకోసారి అదే పరీక్ష. మొదటి అంకెలో సగానికి వస్తే బ్యాటరీ మార్చాలి. రెండు మూడేళ్లకి ఎలాగూ మార్చాలి. చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని లెక్క. బాయిలర్ గోడకి ఆనించి యూపీఎస్ పెట్టకండి.

లేజర్ ప్రింటర్‌ని యూపీఎస్‌కి తగిలించకండి. కాగితం మీద టోనర్‌ని కరిగించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా వెయ్యి వాట్లకి దగ్గరగా లాగుతుంది. యూపీఎస్ కుయ్యిమని ఆగిపోతుంది, దానితోపాటు బిల్లు కొడుతున్న కంప్యూటరూ పోతుంది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌తో ఆ బాధ లేదు.

జనరేటర్ మీద ఆడేటప్పుడు కొన్ని యూపీఎస్‌లు కరెంటు వచ్చినా బ్యాటరీ మీదే ఉండిపోతాయి. జనరేటర్ ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిలకడగా లేకపోవడం దానికి కారణం. యూపీఎస్‌లో సెన్సిటివిటీ తగ్గించే సెట్టింగు ఉంటే తగ్గించండి. లేకపోతే జనరేటర్ గవర్నర్, అంటే ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచే భాగం, మెకానిక్‌కి చూపించాలి. చెరువుల దగ్గర ఆఫీసుల్లో ఏరియేటర్లు ఒకేసారి స్టార్టయితే వోల్టేజి కుంగి యూపీఎస్ టక్‌మంటూ ఉంటుంది. ఏరియేటర్లని ఒకదాని తర్వాత ఒకటి, పది సెకన్ల తేడాతో స్టార్ట్ చేయించడం కొత్త స్టెబిలైజర్ కొనడం కంటే మేలు.

వైర్లు, పిడుగులు

ఆఫీసు నుంచి కాటా గదికి, అక్కడినుంచి గోడౌనుకి ఆరుబయట రాగి నెట్‌వర్క్ కేబుల్ లాగి ఉంటే, వేసవి చివర ఉరుములకి, మళ్లీ అక్టోబరు వానలకి నెట్‌వర్క్ స్విచ్చి (కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) పోర్టులు పోతూనే ఉంటాయి. దగ్గర్లో ఎక్కడో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడితే చాలు, ఆ పొడుగు రాగి తీగలో కరెంటు పుడుతుంది. రెండు కట్టడాల మధ్య ఫైబర్ వేయండి, రెండు చివరలా ఫైబర్‌ని మళ్లీ రాగి కేబుల్‌కి మార్చే మీడియా కన్వర్టర్లు పెట్టండి. గాజులో కరెంటు ప్రవహించదు, పిడుగు దెబ్బ ఆ దారిన రాదు. ఒక్క జాగ్రత్త ఉంది. ఆరుబయట వేలాడదీసే ఫైబర్‌లో బలం కోసం చాలాసార్లు ఉక్కు తీగ ఉంటుంది. దాన్ని గోడ బయటే కత్తిరించి కొక్కేనికి కట్టేయండి, పరికరాల దాకా తీసుకురాకండి.

లోపలి వైరింగ్‌కి క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ చాలు, కానీ స్వచ్ఛమైన రాగిదే కొనండి. బ్లేడుతో తీగని గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. కెమెరాలకి కేబుల్ మీదుగానే కరెంటు పంపితే అలాంటి తీగలో వోల్టేజి పడిపోయి రాత్రిపూట కెమెరా లైట్లు వెలగగానే ఆఫ్ అయిపోతుంది. కనెక్టర్‌లో రంగుల వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివరలా అదే వరస. మొత్తం పొడవు వంద మీటర్లు దాటకూడదు. మోటారు కేబుళ్ల పక్కన ఒక అడుగు దూరం ఉంచండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే నడిపించకండి.

వేగం తగ్గిందంటే ముందు లింకు స్పీడు చూడండి. 1000 ఎంబీపీఎస్ (గిగాబిట్) ఉండాల్సిన చోట 100 చూపిస్తే ఎనిమిది తీగల్లో ఒకటి తెగిందనే అనుకోండి. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, వందకి రెండు జతలు చాలు, అందుకే ఒకటి తెగినా పని ఆగకుండా నెమ్మదిస్తుంది. గోడౌన్లలో అలా తెంపేది ఎక్కువగా ఎలకే. కేబుల్‌ని పీవీసీ పైపులో వేసి, పైపు చివరలు కూడా మూసేయండి.

కాటా కంప్యూటర్

ఎక్కువ ఫోన్లు వచ్చేది దీనికే. లారీ కాటా తూకం చూపించే ఇండికేటర్ ఆర్ఎస్ 232 అనే పాత పద్ధతిలో, తొమ్మిది పిన్నుల కనెక్టర్ గుండా, మూడే తీగలతో అంకెలు పంపుతుంది: పంపేది, అందుకునేది, గ్రౌండు. పిన్నుల్లో 2, 3, 5. ఈ తీగ పొడవు పదిహేను మీటర్లు దాటితే నమ్మకం తగ్గుతుంది. ఇప్పటి చాలా కంప్యూటర్లకి ఆ పోర్టు లేదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ వస్తుంది. గొడవంతా అక్కడే.

కన్వర్టర్‌ని ఒక యూఎస్‌బీ రంధ్రంలోంచి తీసి ఇంకో దాంట్లో పెడితే విండోస్ దానికి కొత్త కామ్ నంబరు (సీరియల్ పోర్టుకి విండోస్ పెట్టే నంబరు) ఇవ్వొచ్చు. నిన్నటిదాకా కామ్ 3, ఇవాళ కామ్ 5. కాటా సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా 3 మీదే చూస్తుంటుంది, తెర మీద సున్నా కనిపిస్తుంది. ఊడ్చే మనిషి కదిపినా ఇదే జరుగుతుంది. డివైస్ మేనేజర్‌లో పోర్టు లక్షణాల్లోకి వెళ్లి, అడ్వాన్స్‌డ్‌లో నంబరు మళ్లీ 3కి మార్చండి. ఆ యూఎస్‌బీ రంధ్రం పక్కన ఎర్ర టేపు అంటించి "కాటా" అని రాయండి.

తెర మీద పిచ్చి అక్షరాలు వస్తే బాడ్ రేటు, అంటే అంకెలు పంపే వేగం, కలవలేదు. ఇండికేటర్‌లో 2400 ఉంటే సాఫ్ట్‌వేర్‌లో కూడా 2400 ఉండాలి, 9600 అయితే 9600. డేటా బిట్లు, ప్యారిటీ కూడా రెండు వైపులా ఒకటే ఉండాలి. అసలు ఏమీ రాకపోతే కామ్ నంబరో, కన్వర్టర్ డ్రైవరో, 2-3 తీగలు తారుమారో. పుటీ లాంటి చిన్న టెర్మినల్ ప్రోగ్రాముతో ఆ కామ్ పోర్టు తెరిచి చూడండి. అక్కడ తూకం అంకెలు వరసగా దొర్లుతుంటే తీగ బాగుంది, తప్పు కాటా సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఉంది. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఈ పరీక్ష తెలియక కాటా కంపెనీ మనిషి కోసం సగంరోజు లారీలు నిలబెట్టేస్తుంటారు. కన్వర్టర్ పక్కన డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 10 కనిపిస్తే అందులో నకిలీ చిప్పో, కొత్త డ్రైవరు ఒప్పుకోని పాత చిప్పో ఉందని అనుమానించండి. ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్పు ఉన్న కన్వర్టర్, వీలైతే ఐసొలేషన్ (రెండు వైపుల మధ్య కరెంటు దాటకుండా విడదీసే ఏర్పాటు) ఉన్నది, రెండు కొని ఒకటి బీరువాలో పెట్టండి.

ఇండికేటర్ పెట్టెని మాత్రం విప్పకండి. దానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. మన పని కనెక్టర్ దగ్గర ఆగిపోవాలి.

దుమ్ము, తేమ

మిల్లు దుమ్ము ఊరి దుమ్ము లాంటిది కాదు. తవుడులో నూనె ఉంటుంది. డెల్టా తేమతో కలిసి అది హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య పిండి ముద్దలా పట్టేస్తుంది. ఉదయం బాగా నడిచే కంప్యూటర్ మధ్యాహ్నానికి నత్తలా నడుస్తోందంటే వైరస్ కోసం వెతికే ముందు ప్రాసెసర్ వేడి చూడండి. తొంభై డిగ్రీల మీద ఉంటే తనని తాను కాపాడుకోవడానికి అది వేగం తగ్గించుకుంటోంది.

శుభ్రం చేసే పద్ధతి ఇది. ప్లగ్గు తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి మిగిలిన కరెంటు దించండి. ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకుని గాలి కొట్టండి. ఆపకుండా కొడితే అది అడ్డదిడ్డంగా తిరిగి బేరింగ్ పోతుంది. మిల్లు కంప్రెసర్ వాడేటప్పుడు ముందు ట్యాంకు అడుగున ఉన్న నీళ్లు వదిలేయండి, ముందు గాలి గోడ మీదికి కొట్టి తుంపర రావట్లేదని చూసుకోండి, తర్వాతే అరచెయ్యంత దూరం నుంచి తక్కువ ప్రెషర్‌తో కొట్టండి. ముద్దలా పట్టినదాన్ని మెత్తటి పెయింటు బ్రష్షుతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తీయాలి. హీట్‌సింక్ విప్పితే పాత పేస్టు తుడిచి, కొత్త పేస్టు సగం శనగగింజంత పెట్టండి, ఎక్కువ పెడితే వేడి తగ్గదు. మిల్లు ఆడే రోజుల్లో ఇది నెలకోసారి. క్యాబినెట్‌ని నేలమీద పెట్టకండి, ఒక అడుగు ఎత్తున బల్ల మీద పెట్టండి. కాటా గదికి ఫ్యాను లేని చిన్న కంప్యూటర్ కొనగలిగితే ఇంకా మంచిది.

రొయ్యల ప్లాంట్లలో దుమ్ముకి బదులు చెమ్మ. కోల్డ్ స్టోరేజీలోంచి ల్యాప్‌టాపో స్కానరో బయటికి తెస్తే చల్లటి బోర్డు మీద మన గాలిలోని తేమ నీటి బొట్లుగా పేరుకుంటుంది. లోపల ఉన్నప్పుడే దాన్ని ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, బయటికి తెచ్చాక గంటసేపు సంచిలోనే ఉంచి, తర్వాత ఆన్ చేయాలి.

బల్లుల సంగతి నవ్వులాట కాదు. వెచ్చగా ఉంటుందని ఎస్ఎంపీఎస్‌లోకి దూరి, హై వోల్టేజి భాగం మీద పడి షార్టవుతాయి. వెనక ఖాళీ స్లాటు రేకులు ఊడి ఉంటే మళ్లీ బిగించండి, గాలి రంధ్రాల మీద సన్నటి దోమతెర లాంటి వల అంటించండి.

ఇక పెట్టె లోపల

తెర మీద ఏమీ రాకపోతే వరస ఇది. ఫ్యాన్లు తిరగట్లేదంటే ఎస్ఎంపీఎస్ 24 పిన్నుల కనెక్టర్‌లో ఊదారంగు తీగకి, నల్లతీగకి మధ్య డీసీ వోల్టులు చూడండి. ప్లగ్గు ఉన్నంతసేపూ 5 ఉండాలి. లేకపోతే ఎస్ఎంపీఎస్ పోయింది. ఉంటే, కనెక్టర్ బోర్డు నుంచి తీసి, ఆకుపచ్చ తీగని నల్లతీగతో క్లిప్పు ముక్కతో కలిపితే ఫ్యాను తిరగాలి. అప్పుడు పసుపు 11.4 నుంచి 12.6 మధ్య, ఎరుపు 4.75 నుంచి 5.25 మధ్య రావాలి. దీన్ని హార్డ్‌డిస్క్ లాంటి లోడు ఏదైనా తగిలించి చూడాలి, ఖాళీగా అన్నీ బాగానే చూపిస్తాయి. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులు కాసేపు నిలిచే ఉంటాయి.

ఫ్యాన్లు తిరిగి బొమ్మ రాకపోతే ర్యామ్ తీసి, బంగారు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊదేసి, టక్ మని రెండు వైపులా పట్టేదాకా నొక్కండి. మన ఉప్పుగాలికి ఆ కాళ్ల మీద సన్నటి పొర పట్టడం మామూలే.

తేదీ, టైమూ తప్పుతుంటే సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ మార్చండి. 3 వోల్టులు ఉండాల్సింది 2.7కి దిగితే పని అయిపోయినట్టే. "జీఎస్టీ సైటు తెరుచుకోవట్లేదు, ఏదో సర్టిఫికెట్ ఎర్రర్ అంటోంది" అని ఫోనొస్తే మొదట అడగాల్సింది కింద మూలన ఏ సంవత్సరం చూపిస్తోందని.

డిస్కు ఆరోగ్యం నెలకోసారి స్మార్ట్ అంకెల్లో, అంటే డిస్కు తన గురించి తనే రాసుకునే లెక్కల్లో, చూడండి. 05, సీ5 వరసల్లో సున్నా కాకుండా అంకెలు పెరుగుతుంటే ఆ రోజే డేటా తీసేయండి. సీ7 మాత్రమే పెరుగుతుంటే డిస్కు బాగుంది, సాటా కేబుల్ మార్చండి. పాత హార్డ్‌డిస్క్ కంప్యూటర్‌కి ఎస్‌ఎస్‌డీ వేసి ర్యామ్ 8 జీబీ చేస్తే మరో మూడు నాలుగేళ్లు లాగుతుంది, ఒక్క షరతుతో: విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ కావాలి. ఆరు, ఏడు తరాల పెట్టెల మీద డబ్బు పెట్టేముందు యజమానికి ఈ సంగతి చెప్పండి.

లెక్కల డేటా, రిజిస్టరు

పెట్టె పోతే కొనుక్కోవచ్చు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల్ని వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. కాబట్టి రెండు బయటి డిస్కులు కొనండి. ఒక వారం ఒకటి, మరో వారం రెండోది. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ని అందరి దగ్గరా మూసేయించాక కాపీ చేయండి, తెరిచి ఉండగా చేసిన కాపీ సగం సగం రావొచ్చు. కాపీ అవ్వగానే డిస్కు తీసేయాలి. తగిలించి ఉంచిన డిస్కుకి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) కంప్యూటర్‌తోపాటే తాళం వేస్తుంది. ఒక డిస్కు మిల్లు బయట, యజమాని ఇంట్లో ఉండాలి. మూడు నెలలకోసారి ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి, చివరి వోచర్ నంబరు, చివరి నిల్వ కలిశాయో లేదో అకౌంటెంట్‌తో కూర్చుని చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని లెక్కలోకి తీసుకోవద్దు. ఇంటినుంచి చూసుకోవడానికని రూటర్‌లో 3389 పోర్టు (విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ దారి) ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టడం ఇప్పటికీ కనిపిస్తోంది, వెంటనే మూయండి.

ప్రతి పెట్టెకీ ఒక నంబరు రాసి అంటించండి. రిజిస్టరులో దానికో పేజీ ఇవ్వండి: కొన్న తేదీ, వారంటీ, సీరియల్ నంబరు, ర్యామ్ రకం, ఎస్ఎంపీఎస్ వాట్లు, యూపీఎస్ బ్యాటరీ మార్చిన తేదీ. కింద ఫాల్టులు రాయండి. తేదీతోపాటు టైము కూడా తప్పకుండా రాయాలి. కంప్యూటర్ రీస్టార్టయిన టైములు వరసగా చూస్తే 9.05, 9.10, 2.05 అని కనిపిస్తే, పెద్ద మోటారు ఎప్పుడు ఆన్ చేస్తున్నారో మిల్లు డ్రైవర్‌ని అడగండి. డిజిటల్ సంతకం టోకెన్ గడువు కూడా ఈ రిజిస్టరులోనే ఉండాలి.

పది పెట్టెలకి బీరువాలో ఉంచాల్సినవి: ఒక ఎస్ఎంపీఎస్, రెండు ర్యాములు, ఒక 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఎనిమిది పోర్టుల స్విచ్చి ఒకటి, కీబోర్డు మౌసులు రెండేసి, బిళ్ల బ్యాటరీలు అయిదు, ప్రింటర్ రిబ్బన్లు మూడు, పవర్ కేబుళ్లు. యూపీఎస్ బ్యాటరీలు కొని దాచకండి, ఛార్జి లేకుండా ఆరు నెలలు ఉంటే కూర్చున్నచోటే పాడవుతాయి. ఏఎంసీ (ఏడాది మరమ్మతుల ఒప్పందం) రాసుకునేటప్పుడు బ్యాటరీలు, అడాప్టర్లు, ప్రింటర్ హెడ్లు అందులో ఉన్నాయా లేవా అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

పెద్ద సర్వీసింగు సార్వా కోతల ముందు అక్టోబరులో ఒకసారి, దాళ్వా ధాన్యం వచ్చే ముందు మార్చి మొదట్లో ఒకసారి పెట్టుకోండి. కోతలు మొదలయ్యాక మిల్లులో ఎవరూ మీకు పెట్టె విప్పే టైము ఇవ్వరు.

వరద రోజు

ఏటిగట్టు పక్కన, లంకల్లో పనిచేసేవాళ్లకి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం అంకెలు కంఠతా ఉంటాయి. మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. 2022 జులైలో మూడోదీ దాటింది. కంప్యూటర్లకి కూడా వీటినే హెచ్చరిక గంటగా వాడుకోండి. మొదటి హెచ్చరికకి బ్యాకప్ తీసి డిస్కు ఊరు దాటించండి. రెండోదానికి యూపీఎస్‌లు, క్యాబినెట్లు, స్విచ్చి మేడమీదికి ఎక్కించండి. వైర్లు ఊడదీసేముందు వెనకవైపు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. మూడోదానికి మెయిన్ దించి, ఇండికేటర్ కనెక్టర్ ఊడదీసి, కేబుల్ చివరకి పాలిథిన్ చుట్టి పైకి కట్టండి.

అయినా ఏదైనా మునిగిపోతే, ఆన్ చేసి చూడాలనిపిస్తుంది. చేయకండి. బిళ్ల బ్యాటరీ వెంటనే తీసేయండి, తడి బోర్డుని తినేది ఆ 3 వోల్టులే. హార్డ్‌డిస్క్ విప్పకుండా పక్కన పెట్టి డేటా రికవరీ వాళ్లకి ఇవ్వండి. బోర్డుని ముందు మంచినీళ్లతో బురద పోయేలా కడిగి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి. ఎండలో కాకుండా ఫ్యాను కింద రెండు రోజులు నిలబెట్టి ఆరనివ్వండి, ర్యామ్ స్లాట్ల లోపల, ప్రాసెసర్ సాకెట్ కింద నీళ్లు దాక్కుంటాయి. మునిగిన ఎస్ఎంపీఎస్‌ని ఆరబెట్టకండి, పారేయండి. ఆరిన బోర్డుకి బీరువాలో దాచిన కొత్త ఎస్ఎంపీఎస్ తగిలించి, ర్యామ్ ఒకటే పెట్టి, డిస్కు లేకుండా ఒకసారి ఆన్ చేసి చూడండి.